మార్జిన్ వదిలిన రెక్క

నేను చేయించిన స్టూల్ మీద ముందు నేను కూర్చోవాలి. ఆ తర్వాతే అది షెడ్డు గడప దాటాలి. మెదక్‌లో ఒక శిక్షణ సంస్థలో కార్పెంటరీ ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేసినంత కాలం ఇదే నా పద్ధతి. కొలతలు సరిపోయాయా, నునుపు వచ్చిందా అన్నవి తర్వాతి ముచ్చట్లు. నేనేమీ బక్కపలచటి మనిషిని కాను. నేను కూర్చోవడానికి వస్తున్నానంటే స్టూల్ చేసిన పిల్లవాడు ఊపిరి బిగబట్టేవాడు. కిర్రుమని చిన్న చప్పుడు వచ్చినా కీళ్లన్నీ విప్పి మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే. "సార్ కూసుండె, స్టూల్ బతికె" అని నా వెనక నవ్వుకునేవారని నాకు తెలుసు. తెలిసినా ఊరుకునేవాణ్ని. అందులో నాకు కాస్త గర్వం కూడా ఉండేది మరి.

కొత్తగా ఈ ఉద్యోగాల్లోకి వస్తున్న మీకు ఇది వింతగా ఉండొచ్చు. నవ్వొస్తే నవ్వండి, నాకేం కోపం లేదు. ఆ పద్ధతిని నమ్ముకునే సర్వీసంతా గడిపాను. తీరా రిటైర్మెంటు దగ్గరపడ్డాక అదే నా కొంప ముంచబోయింది. ఆ సంగతి చెబుతాను.

మా షెడ్డుకు ఆనుకునే కుట్టు ట్రేడ్ వాళ్ల గది ఉండేది. నడుమ ఒకటే గోడ, గోడకు ఒక కిటికీ. దాని ఇన్‌స్ట్రక్టర్ ఒక మేడం. ఆమెకూ నాకూ ఆ కిటికీ దగ్గరే పంచాయితీలన్నీ. మా రంపపు పొట్టు గాలికి లేచి వాళ్ల గుడ్డల మీద పడేది. ఆమె కిటికీలోంచి తల పెట్టి, "సార్, జర తలుపు దగ్గరికేసుకోండ్రి. తెల్లగుడ్డ మీద మీ పొట్టు పడ్తే మా పిల్లలు మళ్ల ఉతుక్కోవాలె" అనేది. "గాలి నా చెప్పుచేతల్ల ఉన్నదా మేడం?" అని నేను. "గాలి లేకపాయె, తలుపన్న ఉన్నది గదా" అని ఆమె. మాటకు మాట అప్పజెప్పడంలో నేను ఆమె ముందు ఎప్పుడూ ఓడిపోయేవాణ్ని. ఓడిపోయి, తలుపును కావాలని గట్టిగా వేసేవాణ్ని.

ఆమెకూ ఒక పద్ధతి ఉంది. ఏ గుడ్డ కోసినా లోపల రెండు వేళ్ల మార్జిన్ వదలాలి. చిన్నపిల్ల గౌనైనా, పెద్దమనిషి జాకెట్టైనా సరే. మార్జిన్ లేకుండా కోసిన పిల్లకు ఆరోజు మూడినట్టే. "పిల్ల పెరుగుతది, విప్పుకుంటరు. ఇయ్యాల్టి ఒంటికి కుడితే రేపేం తొడుగుతది?" అని ఆమె గొంతు కిటికీ దాటి మా షెడ్డంతా వినిపించేది. మా దగ్గర అంతా ఉల్టా. గీత మీద కోయాలి, వెంట్రుకవాసి కూడా మిగలకూడదు. గీత దాటి కోసిన వాణ్ని "నువ్వు కట్టెలు కొట్టనికి పోరా, గీడ నీకేం పని?" అనేవాణ్ని.

ఇలా ఉండగా ఒకరోజు ప్రిన్సిపాల్ సార్ పిలిచారు. మంచాయన. ఎవరికీ కాదని చెప్పలేడు, ఔనని కూడా చెప్పలేడు. ఆరోజు మాత్రం నేరుగా చెప్పేశాడు.

"ఏం జేయాలె చెప్పుండ్రి. మీ ట్రేడ్ల చేరెటోళ్లే లేకపాయిరి. ఈ సంవత్సరం అయినంక షెడ్డుకు తాళం ఏస్తరట. మిషన్లు వేరే జిల్లాకు పోతయి. మీ పిల్లలు కూడ గక్కడికే పోయి కోర్సు పూర్తి జేస్కోవాలె."

మొదటి పోస్టింగు నుంచి నేను ఆ షెడ్డులోనే ఉన్నాను. ఆ బల్లలు నేను చేసినవే, ఆ తలుపు నేను బిగించిందే. నాదేముంది, నేను ఎలాగూ దిగిపోయేవాణ్నే. మా పిల్లలు ముగ్గురే మిగిలారు. వాళ్లకు చెబితే ఇద్దరు తల వంచుకున్నారు. మూడోవాడు నిజాంపేట నుంచి వచ్చేవాడు. పొద్దున తండ్రితో పొలంలో పనిచేసి, బస్సెక్కి వచ్చి, చేతుల మట్టి కడుక్కుని రంద పట్టేవాడు. రంద అంటే చిత్రిక పట్టే పనిముట్టు, మాకు అదే ప్రాణం. వాడు ఒక్కమాటలో తేల్చేశాడు. "గంత దూరమైతే నేను రాను సార్. నాయిన ఒక్కడు పొలం జెయ్యలేడు. ఈడ బందైతే నేను బంద్ జేస్త."

వాడి చేయి మంచి చేయి. ఎన్నో బ్యాచ్‌లు చూశాను, అలాంటి చేయి అరుదు. షెడ్డుకు తాళం పడితే ఆ చేయి కూడా అక్కడితో ఆగిపోతుంది.

ఆ రోజుల్లోనే మా ఆవరణలో డ్రోన్ కోర్సు ఒకటి మొదలైంది. దాన్ని చెప్పే ఇన్‌స్ట్రక్టర్ కుర్రాడు. మనోహరాబాద్ నుంచి రోజూ బండి మీద వచ్చేవాడు. పెద్దల ముందు గట్టిగా మాట్లాడడు, మర్యాదస్తుడు. అతని బాధ అతనికుంది. శిష్యులు నేర్చుకోవడానికి రిమోట్‌తో నడిచే చిన్న విమానాలు ఎగరేయాలి, ఎగరేసిన ప్రతివాడూ ఎక్కడో ఒకచోట గుద్దాలి. మోటారు, బ్యాటరీ బతికి బయటపడేవి. రెక్కలు మాత్రం ముక్కలయ్యేవి. అతను మా షెడ్డుకొచ్చి కాగితం మీద గీసిన బొమ్మ ఒకటి చూపించాడు.

"సార్, గిసొంటి రెక్కలు మీరు జేసియ్యగల్గుతరా? ఫోమ్ బోర్డుతోని."

ఫోమ్ బోర్డంటే స్కూలు పిల్లలు ప్రాజెక్టులకు వాడే అట్ట. నడుమ నురగలాంటి తేలిక సరుకు, రెండు వైపులా కాగితం. మామూలు విమానానికి రెక్కలు చేతులు చాపినట్టు అడ్డంగా ఉంటాయి. ఇతను చూపించిన దానికి బాణం మొనలాగ వెనక్కి వాలి ఉన్నాయి. పైగా తోక లేదు. ఉన్నదంతా రెక్కలే.

"తోక లేకుంట ఎట్ల ఎగురుతది?" అన్నాను.

"రెక్కలు ఎన్కకు వాలితె తోక పని గవ్వే జేస్తయి సార్. తక్కువ సామాను, విరిగినా తొందరగ మళ్ల జేస్కోవచ్చు."

విషయం ప్రిన్సిపాల్ సార్‌కు తెలిసింది. "తనిఖీకి ఆఫీసర్ సార్ వస్తుండు. గాయన కండ్ల ముందర మీ షెడ్డుల జేసింది ఎగిరితే, నేను ఒక మాట చెప్పొచ్చు. ఉత్తగ చెప్తే ఎవ్వలు ఇంటరు?" అన్నారు. ఆయన నోటి నుంచి అంత గట్టి మాట నేను అంతకుముందు వినలేదు. అంటే లెక్క తేలిపోయింది. అట్ట విమానం ఎగిరితే షెడ్డు ఉంటుంది, లేకుంటే తాళం.

నేను మొదటిది నా పద్ధతిలోనే చేశాను. అట్ట చేతిలో పట్టుకుంటే ఉన్నట్టే లేదు. దీన్ని నమ్ముకుని ఎవడు ఎగరేస్తాడు? లోపల టేకు బద్దలు పెట్టాను. మూలలకు చెక్క బిళ్లలు అతికించాను. ముందు అంచుకు వెదురు. పూర్తయ్యాక రెండు బల్లల నడుమ పెట్టి, మీద చెయ్యి ఆనించి బరువంతా మోపాను. కిర్రుమనలేదు. నిజాంపేట పిల్లవాడు పక్కన నిలబడి, "సార్, కూసుంటరా ఏంది?" అన్నాడు. కూర్చునేవాణ్నే, డ్రోన్ కుర్రాడు అప్పుడే వచ్చాడు కాబట్టి ఆగాను.

గ్రౌండులోకి తీసుకెళ్లి అతను రెండు చేతులా పట్టుకుని విసిరాడు. విసిరాడు అనడం తప్పు, వదిలాడు అనాలి. నాలుగడుగుల దూరంలో ధబ్బుమని పడింది. నేను గబగబా వెళ్లి ఎత్తి చూశాను. ఒక్క చీలిక లేదు. "చూసినవా? ఏం గాలే!" అన్నాను, గొప్పగా.

అతను నెత్తి గోక్కున్నాడు. "అదే సార్ సమస్య. పడితె విరగని రెక్క ఎగరదు. జర విరిగేటట్టు జేయుండ్రి."

కిటికీ అవతల నవ్వు వినిపించింది. మేడం ఒక్కతే కాదు, కుట్టు మిషన్లన్నీ ఆగిపోయి ఆడపిల్లలందరూ నవ్వుతున్నారు. నా ఒళ్లు మండిపోయింది. విరిగేటట్టు చేయమని నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు! ఆ రాత్రి ఇంట్లో కంచం ముందు కూర్చుని కూడా అదే గొణిగాను. మా ఇంటావిడ, "విరిగేటట్టు జేసుడు గంత కష్టమా?" అంది. ఆమెకు అర్థం కాదులే అనుకున్నాను. నిజానికి నాకే అర్థం కాలేదు.

రెండోసారి కట్టె ముట్టలేదు. అట్ట ఒక్కటే. దీని పని ఇలా ఉంటుంది. అట్టను ఒకవైపు కాగితం వరకు మాత్రమే కోస్తే, రెండో వైపు కాగితం మడతబందులాగ పనిచేస్తుంది. రెక్క ముందు అంచు దగ్గర అలా మడిచి, పై పొరను కింది పొర మీదికి తెచ్చి, వెనక అంచున అతికించాలి. అప్పుడు లోపల బోలుగా, పైన కాస్త ఉబ్బెత్తుగా రెక్క తయారవుతుంది. చూడ్డానికి ఏముంది, పిల్లల ఆటే అనుకున్నాను.

చెక్క మీద అడ్డగీత కావాలంటే మేము మూలమట్టం పెట్టి ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒకటే తిన్నటి గీత లాగుతాం. అదే చేశాను. రెక్క మొదలు దగ్గర పై పొరకూ కింది పొరకూ కలిపి ఒకే గీత లాగి, దాని మీదే కచ్చితంగా కోశాను. తీరా వాలుగా ఉన్న ముందు అంచు మీద మడిస్తే పై పొర పక్కకు జరిగిపోయింది! కింది పొర ఒక దిక్కు, పై పొర ఒక దిక్కు. రెండు రెక్కలూ కలిపితే నడుమ నోరు తెరుచుకున్నట్టు సందు. గీత తప్పిందేమో అని మళ్లీ కొలిచాను. గీత సరిగ్గానే ఉంది. ఇంకోటి కోశాను, అదే నోరు. ఇంకోటి. ముగ్గురు పిల్లలూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. చివరికి సందులో ముక్కలు దూర్చి, జిగురు దట్టించి మూయబోయాను.

"ఉండుండ్రి సార్, గట్ల అతుకులేస్తె మళ్ల బరువైతది" అంటూ మేడం కిటికీ దగ్గర కాదు, ఏకంగా తలుపులోంచి వచ్చేసింది. ఆమె మా షెడ్డులో అడుగు పెట్టడం అదే మొదటిసారనుకుంటాను.

"ఇది కట్టెపని మేడం" అన్నాను.

"కట్టె ఏడున్నది సార్ ఇండ్ల? అట్ట, మడత. మడత మా పని." ఆమె ఒక పాత ప్యాంటు చూపించింది. "కాళ్ల దగ్గర సన్నగైతది జూడుండ్రి. కింది మడతకు గుడ్డను తిన్నగ కోస్తే, మడ్చినంక అంచులు కలువయి, గుంజుకపోతది. మా కొత్త పిల్లలందరు మొదాల గిదే తప్పు జేస్తరు. గందుకే ముందుగాల మడుస్తం. మడ్చినంక రెండు పొరలు కలిపి ఒక్కపారి కోస్తం."

"కోసినంక గదా మడ్సుడు?" అన్నాడు మా పిల్లవాడు ఒకడు. వాణ్ని నేను అలాగే తయారుచేశాను మరి.

"మీ సార్ లెక్క మాట్లాడకు" అంది ఆమె.

ఆమె వెళ్లేదాకా ఆగి, తలుపు దగ్గరికి వేసి, ముందు మడిచాను. మడిచాక పై గీత పట్టుకుని రెండు పొరలూ ఒకేసారి కోశాను. రెండు రెక్కలూ పక్కపక్కన పెడితే నడుమ గోరు కూడా దూరలేదు. "మంచిగొచ్చిందా సార్?" అని కిటికీలోంచి గొంతు. ఆమె వెళ్లనేలేదు, అక్కడే నిలబడి చూస్తోంది. "ఆఁ, పర్వాలేదు" అన్నాను. ఇంకేమనాలి!

ఆరోజు నుంచి ఆ తలుపు తెరిచే ఉంది. ఆమె పిల్లలు మడతలు, మా పిల్లలు కోతలు. పని చకచకా సాగింది. గొడవ మాత్రం కొత్తది మొదలైంది. ఆమె పిల్లలు మడిచిన ప్రతి రెక్కకూ వెనక అంచున రెండు వేళ్ల వెడల్పు మార్జిన్! కింది పొర బయటికి పొడుచుకుని ఉండేది, పై పొర లోపలే ఆగిపోయేది.

"ఇదేంది మేడం? ఇదేమన్న గౌనా, పెరగనీకి?"

"ఉండనియ్యుండ్రి సార్. ఏదన్న పొరపాటైతే సర్దుకోనీకి ఉంటది."

"పొరపాటు ఎందుకైతది? గీత మీద కోస్తే పొరపాటెందుకైతది? ఆ కాయితం మీది బొమ్మల మార్జిన్ ఉన్నదా? లేదు గదా!"

"బొమ్మల ఉండదు సార్. మనుషులకే ఉంటది" అంది.

జవాబు దొరకని చోట నాకు కత్తి దొరికింది. రెక్కలన్నింటికీ వెనక అంచు గీత మీదికి కోసేశాను, రెండు పొరలూ అంచు దాకా జిగురుతో బిగించాను. చూస్తే ఎంత బాగున్నాయో! ఆమె తన పిల్లల్ని వెంటబెట్టుకుని గదికి వెళ్లిపోయింది. నేను గెలిచాననుకున్నాను.

ఆ వారమంతా ముసురు పట్టింది. బయట ఎగరేయడానికి లేదు. షెడ్డు లోపల ఈ గోడ నుంచి ఆ గోడకు విసిరి చూశాం, బాగానే పోయింది. డ్రోన్ కుర్రాడు మాత్రం, "బయట ఒక్కపారి జూస్తె మంచిగుండు సార్" అని సణుగుతూనే ఉన్నాడు. నా షెడ్డు చాలా పొడవైందని నాకో నమ్మకం.

ఆఫీసర్ వచ్చిన రోజు ముసురు విడిచి ఎండ కాసింది. గ్రౌండులో గడ్డి ఇంకా తడిగానే ఉంది. ఆయన తక్కువ మాటల మనిషి. మా షెడ్డంతా తిరిగాడు, బల్లల మీద వేలు రాసి చూశాడు. "ముగ్గురేనా?" అన్నాడు. "ముగ్గురే సార్" అన్నారు ప్రిన్సిపాల్. అందరం గ్రౌండుకు నడిచాం.

డ్రోన్ కుర్రాడి పద్ధతి ఏమిటంటే, మోటారు పెట్టకముందే విమానం చేత్తో విసిరితే తిన్నగా జారుతూ పోవాలి. అలా పోతేనే అతను తన మోటారు అందులో పెడతాడు. మొదటిది విసిరాడు. షెడ్డు పొడవంత దూరం బాగానే వెళ్లింది. ఆ తర్వాత ముక్కు కిందికి వంచి నేలలోకి దూరినట్టు పడింది. మోటారుకు బదులు ముందు పెట్టే బరువును కాస్త వెనక్కి జరిపి రెండోది విసిరాడు. అది పైకి లేచి, ఆకాశాన్ని చూసి, గిర్రున తిరిగి వెల్లకిలా పడింది. మూడోది మళ్లీ ముక్కు దించింది. ఈసారి రెక్కలు విరిగాయి కూడా. విరిగేటట్టు చేయమన్నాడుగా, ఆ ఒక్క పరీక్షా నెగ్గాం!

ఆఫీసర్ గడియారం చూసుకున్నాడు. నేను నిజాంపేట పిల్లవాడి వైపు చూడలేకపోయాను. వాడు మాత్రం విరిగిన ముక్కలను ఏరి, పగిలిన స్టూల్ కీళ్లు సర్దినట్టు ఒకదాని పక్కన ఒకటి పెడుతున్నాడు.

డ్రోన్ కుర్రాడు నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి చెప్పాడు. "సార్, తోక లేదు గదా, ఎన్క అంచు జర పైకి లేచి ఉండాలె. అప్పుడె ముక్కు నిలబడ్తది. లోపల విసిరితె తెలుస్తలేదు. జర అంచు పైకి వంచుదామంటె వంగుతలేదు."

వంగదు. ఎలా వంగుతుంది? రెండు పొరలూ అంచు దాకా జిగురుతో బిగించింది నేనే కదా. బలంగా ఉండాలని. వంచబోతే పటుక్కున విరిగింది.

"మోటారు పెట్టినంక ఆ అంచును కోసి, కదిలేటట్టు చేస్త సార్. ఇప్పుడైతె చేతిల ఏం లేదు" అన్నాడు కుర్రాడు. ఆఫీసర్ అప్పటికే వెనక్కి తిరిగాడు.

"సార్, ఒక్క నిమిషం!"

మేడం. తన గది వైపు పరుగులాంటి నడకతో వెళ్లి, ఒక రెక్కల జతను గుడ్డలో చుట్టి తెచ్చింది. వెనక అంచున రెండు వేళ్ల మార్జిన్ అలాగే ఉంది. ఒంటి పొర, పలచగా, మెత్తగా.

"ఇదెక్కడిది?" అన్నాను.

"మీరు కోస్తరని దాచిపెట్టిన" అంది, తప్పేమీ చేయనట్టు.

ఆమె ఆ ఒంటి పొరను చొక్కా కాలర్ అంచు తిప్పినట్టు బొటనవేళ్లతో మెల్లగా పైకి తిప్పింది. కుర్రాడు కంటికి దగ్గర పెట్టుకుని చూసి, "ఎడమ దిక్కు ఇంకొంచెం మేడం" అన్నాడు. ఆమె సర్దింది. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఎంత అవసరమైన మనిషినో అప్పుడు నాకు బాగా తెలిసింది. కుర్రాడు ముందు బరువు సరిచూసి విసరబోయి ఆగాడు. "మీ షెడ్డుది సార్. మీ పిలగాడే ఏస్తడు" అని నిజాంపేట వాడి చేతికిచ్చాడు.

వాడు నా వైపు చూశాడు. "గట్టిగ ఇసరకు, ఇడిచిపెట్టు" అన్నాను.

వాడు విడిచిపెట్టాడు. అది ముక్కు దించలేదు, పైకీ లేవలేదు. మా ఛాతీ ఎత్తున గడ్డి మీదుగా చప్పుడు లేకుండా పోతూనే ఉంది. గ్రౌండు నడిమి దాటింది. వాలీబాల్ స్తంభాలు దాటింది. సైకిల్ స్టాండు దగ్గర కడుపుతో గడ్డిని తాకి, జారి, ఆగింది. కుట్టు పిల్లలు కేక పెట్టారు. మా ముగ్గురు పిల్లలూ దాని వెంట ఉరికారు. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఎండ అని చెప్పుకున్నాను. ఆఫీసర్ ఆగి, "ఇంకోసారి వేయండి" అన్నాడు. ఇంకోసారి వేశారు. మళ్లీ పోయింది.

"ఇది ఎవరు చేశారు?" అని అడిగాడు.

మేడం నా వైపు చేయి చూపించింది. నేను ఆమె వైపు చూపించాను. ఆయన నవ్వాడో లేదో తెలీదు గానీ, కుట్టు గదిలో ఎంతమంది చదువుతున్నారని ప్రిన్సిపాల్‌ను అడిగాడు. సీట్లన్నీ నిండాయని ఆయన చెప్పాడు. ఆ ప్రశ్న ఎందుకో నాకు అప్పుడు తట్టలేదు.

కొన్నాళ్లకు తెలిసింది. షెడ్డుకు తాళం లేదు, మిషన్లు ఎక్కడికీ పోవు. మా ముగ్గురు పిల్లలూ ఇక్కడే కోర్సు ముగిస్తారు. డ్రోన్ కోర్సుకు రెక్కలన్నీ ఇక మా షెడ్డే చేసివ్వాలి. అయితే షెడ్డు ఇకపై కుట్టు ట్రేడ్ కింద ఉంటుంది. కార్పెంటరీలో కొత్త పిల్లల్ని తీసుకోరు. ప్రిన్సిపాల్ సార్ ఈ రెండో సగం చెప్పడానికి రెండు చాయ్‌లు తాగించారు.

నిజాంపేట పిల్లవాడు ఎగిరి గంతేశాడు. వాణ్ని చూసి నాకు సంతోషమే. కానీ ఉక్రోషం కూడా నిజమే. నేను బిగించిన తలుపు మీద నా ట్రేడ్ పేరు ఉండదు. రెండు మూడు రోజులు మేడంతో మాట్లాడలేదు. ఆమే వచ్చింది.

"నేనడగలే సార్. నాకు షెడ్డు ఒద్దనే చెప్పిన."

"నాకెర్కే మేడం."

"ఎరుకైతే మరి మొఖం గట్లెందుకు పెట్టిండ్రు?"

"నా మొఖమే గింత" అన్నాను. ఆమె నవ్వింది. నవ్వకుండా ఉంటే నేనూ ఊరుకునేవాణ్నే. నాకూ నవ్వొచ్చింది.

షెడ్డు మీది పాత బోర్డు తీసేసి కుట్టు ట్రేడ్ పేరుతో కొత్తది రాయించారు. పెయింటర్ వెళ్లాక చూస్తే, పేరంతా పై సగంలోనే ఇరుకుగా రాసి ఉంది. కింది సగం ఖాళీ.

"ఇదేంది మేడం? ఆ పెయింటర్‌కు కొలత రాదా? నడుమ రాయాలె గదా!"

"నేనే గట్ల రాయమన్న. కింద మార్జిన్ ఉండనియ్యుండ్రి."

"బోర్డుకు గూడ మార్జినేనా?"

"ఏమో సార్. ఎప్పుడన్న విప్పాల్సొస్తది" అని ఆమె పనిలో పడిపోయింది. ఉద్యోగంలో మిగిలిన రోజులన్నీ నేను ఆ షెడ్డులో ఆమె కిందే పనిచేశాను. చెప్పొద్దూ, హాయిగా పనిచేశాను. మా ముగ్గురూ కోర్సు పూర్తిచేశారు. నిజాంపేట వాడు ఇప్పుడు చేగుంటలో రోడ్డు పక్కన సొంతంగా తలుపులు, మంచాలు చేస్తున్నాడు. పొలమూ వదల్లేదు. నేను దిగిపోయాక నా చోట ఎవరినీ వేయలేదు.

మొన్నీమధ్య అటువైపు పనిపడి షెడ్డులోకి తొంగి చూశాను. నిండా ఆడపిల్లలు. బల్లల మీద అట్టలు, మడతలు. ఒక మూల నా రంద దుమ్ము కొట్టుకుని ఉంది. రెక్కలు ఆరబెట్టుకోవడానికి ఒక అమ్మాయి చెక్క స్టాండు చేసుకోవాలని తంటాలు పడుతోంది. రందను ఉల్టా పట్టుకుని చెక్కను గీకుతోంది. ఆ చప్పుడు విని నేను నిలబడలేకపోయాను.

"గట్ల కాదమ్మా. ఇటియ్యి."

పట్టుకోవడం చూపించాను. ఒక పొర లేచి, చుట్ట చుట్టుకుని బల్ల మీద పడింది. ఆ అమ్మాయి దాన్ని చేతిలోకి తీసుకుని వెలుతురులో పట్టి చూసింది. "సార్, నాక్కూడ నేర్పుతరా?" అంది. పక్క బల్ల నుంచి ఇంకో అమ్మాయి వచ్చింది. ఆమె వెనక ఇంకొకతె. కాసేపటికి నా చుట్టూ గుంపయింది, మడతలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఇప్పుడు మేడం తిడుతుంది అనుకుని తలెత్తాను.

ఆమె గడప దగ్గర నిలబడి ఉంది. ఒక గుడ్డముక్క తీసుకుని బయటికి వెళ్లి, బోర్డు మీద ఖాళీగా వదిలిన కింది సగం దుమ్ము తుడిచి వచ్చింది.